బొమ్మల బడి: నల్లజాతి కౌబాయ్‌ని గీసేటప్పుడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టెక్సస్ తెలుగు కుటుంబాల నుంచే. హ్యూస్టన్ రోడియో (గుర్రపు స్వారీ, ఎద్దు స్వారీ లాంటి కౌబాయ్ పోటీల ఉత్సవం) వాళ్ళు బడిపిల్లలకు నడిపే చిత్రకళా పోటీలో అంశం ఎప్పుడూ పశ్చిమ ప్రాంతపు జీవితమే: పశువులు, గుర్రాలు, రాంచ్‌లు, వాటి మీద బతికిన మనుషులు. అందులో నల్లజాతి కౌబాయ్‌ల బొమ్మలు వేయాలనుకునే పిల్లల సందేహాలన్నీ ఒకచోట చేర్చి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. ఆర్ట్ టీచర్ నల్లజాతి కౌబాయ్ బొమ్మ వేయమన్నారు. కృష్ణ గారి సినిమాల్లో చూసిన కౌబాయ్ తప్ప మాకు వేరే కౌబాయ్ తెలీదు. నల్లజాతివాళ్ళు నిజంగా అంతమంది ఉండేవారా? ఎవరిని గీయమంటారు?
— ఒక తల్లి, కేటీ

ఉండేవారమ్మా, చాలామందే. 1865లో అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సస్‌లో పశువులు లక్షల్లో ఉన్నాయి, వాటిని కొనేవాళ్ళేమో ఉత్తరాన ఉన్నారు. రైలు కాన్సస్ దాకానే వచ్చింది. అందుకని రెండు వేలు, రెండున్నర వేల పశువులున్న మందను పది పన్నెండు మంది కలిసి రోజుకు 10 నుంచి 15 మైళ్ళ చొప్పున నెలల తరబడి నడిపించుకుంటూ పోయేవారు. ఆ పని చేసినవాళ్ళలో సుమారు నలుగురికి ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. వాళ్ళలో చాలామంది బానిసత్వంలో ఉన్నప్పుడే గుర్రాలను లొంగదీయడం, తాడు విసరడం నేర్చినవారు. స్వేచ్ఛ వచ్చాక ఆ పనితనమే వాళ్ళకు కూడు పెట్టింది.

ఎవరిని గీయాలంటే, చాలామంది పిల్లలు నాట్ లవ్‌ని ఎంచుకుంటారు. 1907లో ఆయన అచ్చువేసిన ఆత్మకథలో పొడవాటి జుట్టు, చేతిలో తుపాకీ, కాళ్ళ దగ్గర జీనుతో నిలబడ్డ ఫోటో ఉంది. అది తేలిగ్గా దొరుకుతుంది కాబట్టి న్యాయనిర్ణేతల ముందుకు అదే బొమ్మ మళ్ళీ మళ్ళీ వస్తుంది. పైగా బడి పోటీకి తుపాకీ పట్టిన బొమ్మ కంటే పని చేస్తున్న మనిషి బొమ్మే మంచిదని మా అభిప్రాయం. మీ బాబుకి ఈ పేర్లు చెప్పి చూడండి.

బోస్ ఐకర్డ్. బానిసగా పుట్టి, 1866లో మొదలైన గుడ్‌నైట్-లవింగ్ దారిలో మందలు తోలాడు. ఆయన 1929లో చనిపోయినప్పుడు యజమాని చార్లెస్ గుడ్‌నైట్ తానే సమాధిరాయి వేయించాడు. అది టెక్సస్‌లోని వెదర్‌ఫర్డ్‌లో ఇప్పటికీ ఉంది. రాత్రి కాపలాలో గుర్రం మీద కూర్చున్న మనిషి, కింద పడుకున్న మంద, నెలవంక. ఈయనకు అలాంటి బొమ్మ బాగా నప్పుతుంది.

జార్జ్ మెక్‌జంకిన్. న్యూ మెక్సికోలో ఒక రాంచ్‌కి ఫోర్‌మన్. 1908లో వరద వచ్చి వాగు గట్లు కోసుకుపోయాక తెగిన కంచె చూసుకుంటూ వెళ్తే, మట్టిలోంచి మామూలు ఎముకలకంటే చాలా పెద్దవి బయటపడి కనిపించాయి. అవి అంతరించిపోయిన జాతి బైసన్‌లవి. 1922లో ఆయన పోయిన తర్వాత అక్కడే తవ్వితే ఆ ఎముకల మధ్య రాతి ఈటెమొనలు దొరికాయి. పదివేల ఏళ్ళకు ముందే అమెరికాలో మనుషులున్నారని దాంతో రుజువైంది. గుర్రం దిగి, కళ్ళెం చేతిలో పట్టుకుని, గట్టులోకి తొంగిచూస్తున్న కౌబాయ్! ఇంత మంచి బొమ్మను పిల్లలు ఎందుకు వదిలేస్తున్నారో మాకు అర్థం కాదు.

ఆడపిల్లలకైతే జొహానా జూలై. టెక్సస్-మెక్సికో సరిహద్దులోని బ్లాక్ సెమినోల్ (సెమినోల్ ఆదివాసులతో కలిసి బతికిన నల్లజాతివాళ్ళు) కుటుంబంలో పుట్టింది. పొగరుబోతు గుర్రాలను రియో గ్రాండె నదిలోకి దింపి, అవి ఈది ఈది అలసిపోయాక వీపు మీదకు ఎక్కేది. టోపీ, బూట్లు, జీను ఏవీ లేవు. నీళ్ళు, గుర్రం, తాడు, ఒక అమ్మాయి, అంతే.

ఒక జాగ్రత్త. బాస్ రీవ్స్ డిప్యూటీ మార్షల్, అంటే పోలీసు అధికారి. మేరీ ఫీల్డ్స్ మోంటానాలో టపా బండి నడిపిన మనిషి. ఇద్దరూ గొప్పవాళ్ళే, ఇద్దరి బొమ్మలూ వేయవచ్చు. కింద ‘కౌబాయ్’ అని మాత్రం రాయకూడదు.

ప్రశ్న: గూగుల్‌లో దొరికిన ఫోటో చూసి గీస్తే తప్పా? నేను టెన్త్ గ్రేడ్. మా టీచర్ “రిఫరెన్స్ ఎక్కడిది?” అని అడిగారు.
— షుగర్‌ల్యాండ్ విద్యార్థిని

తప్పేనమ్మా. ఫోటో తీసినవాళ్ళకు దానిమీద హక్కు ఉంటుంది. అందులోని భంగిమ, వెలుగు, కోణం అన్నీ దింపేసి రంగులేస్తే అది నీ బొమ్మ అవ్వదు. ఇలాంటి పోటీల్లో మంచి బొమ్మ పక్కన పెట్టేయడానికి గీత బాగోకపోవడం కంటే ఇదే ఎక్కువసార్లు కారణమవుతుంది. ఈ ఏడాది కొలతలు, సంతకం ఎక్కడ పెట్టాలి, ఏ కాగితాలు జతచేయాలి అన్నవి మీ టీచర్ దగ్గర అడిగి రాసుకో. అవి ఏటా మారుతుంటాయి.

మరి ఏం చేయాలి? రెండు దారులున్నాయి. ఒకటి, హక్కుల కాలం తీరిపోయిన పాత ఫోటోలు. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరణలో ఇలాంటివి చాలా ఉన్నాయి. 1910 ప్రాంతంలో అర్విన్ స్మిత్ అనే ఫోటోగ్రాఫర్ టెక్సస్‌లోని బోనమ్ దగ్గర నల్లజాతి కౌబాయ్‌లను గుర్రాల మీద తీసిన చిత్రాలు చూడదగ్గవి. వీటినీ యథాతథంగా దింపొద్దు. బట్టలు ఎలా ఉన్నాయి, జీను ఎలా కట్టారు, చొక్కా చేతులు ఎక్కడికి మడిచారు అన్నవి చూడటానికి వాడుకో. పోటీ నియమం పాత ఫోటోలను ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కో.

రెండోది ఇంకా మంచిది: నువ్వే ఫోటోలు తీసుకోవడం. ఫిబ్రవరి చివర్లో రోడియో మొదలయ్యే ముందు నలుదిక్కుల నుంచీ ట్రైల్ రైడర్లు గుర్రాల మీద, బండ్ల మీద హ్యూస్టన్ మెమోరియల్ పార్క్‌కి చేరతారు. ఆ గుంపుల్లో ప్రెయిరీ వ్యూ ట్రైల్ రైడ్ అనేది 1957 నుంచి నల్లజాతి రైడర్లు నడుపుతున్నది. దగ్గరికి వెళ్ళి, అనుమతి అడిగి, ఫోటో తీసుకో. అదే మనిషిని మూడు కోణాల్లో తీయి. చేయి, రికాబు, కళ్ళెం విడివిడిగా దగ్గర నుంచి తీయి. ఈ ఏడాది గడువు దాటిపోయినా సరే, వచ్చే ఏడాది బొమ్మకు పనికొస్తాయి. రోజెన్‌బర్గ్‌లో బ్లాక్ కౌబాయ్ మ్యూజియం మీకు దగ్గరే. ఫోర్ట్ వర్త్‌లో నేషనల్ మల్టీకల్చరల్ వెస్టర్న్ హెరిటేజ్ మ్యూజియం ఉంది.

ఫోన్‌తో తీసేటప్పుడు ఒక చిక్కుంది. వెనక ఎండ, నెత్తిన టోపీ, నల్లటి ముఖం. ఫోన్ ఆకాశానికి తగ్గట్టు వెలుగు తగ్గించేస్తుంది, ముఖమంతా ఒకటే నల్లమచ్చ అయిపోతుంది. ఆ ఫోటో చూసి గీస్తే బొమ్మలోనూ మచ్చే వస్తుంది. తెర మీద ముఖాన్ని నొక్కి, వెలుగు గీతను పైకి జరిపి తీయి. ఆకాశం తెల్లబారినా పరవాలేదు. సాయంత్రం ఎండ పక్కనుంచి పడేటప్పుడైతే మరీ మంచిది.

ఇంకో మాట. ఫోటో కింద రాసిన పేరును కూడా నమ్మేయకూడదు. 1994లో అమెరికా తపాలా శాఖ పశ్చిమ వీరుల పేరుతో 20 బిళ్ళల షీటు తెచ్చింది. అందులో నల్లజాతి రోడియో వీరుడు బిల్ పికెట్ బిళ్ళ మీదున్నది బిల్ కాదు, ఆయన సోదరుడు బెన్. పాత ఫోటోకు పేరు తప్పు పడింది, చిత్రకారుడు దాన్నే చూసి వేశాడు. కుటుంబం వాళ్ళు చెప్పాక షీట్లన్నీ వెనక్కి తెప్పించి, బొమ్మ మార్చి మళ్ళీ అచ్చువేశారు. తప్పు షీట్లలో 150,000 మాత్రం లాటరీ పద్ధతిలో అమ్మారు. ప్రభుత్వానికే ఇలా జరిగింది కాబట్టి ఒకే మనిషివి రెండు మూడు చోట్ల దొరికిన ఫోటోలు పక్కపక్కన పెట్టి చెవి, దవడ, ముక్కు పోల్చిచూడు.

ప్రశ్న: మా అమ్మాయి కలర్ పెన్సిళ్ళతో వేస్తోంది. గుర్రం, టోపీ బ్రహ్మాండంగా వచ్చాయి. ముఖం మాత్రం బూడిద పూసినట్టు, ప్రాణం లేనట్టు ఉంది. గోధుమరంగు మీద నల్లరంగు రుద్దింది. ఇంకెలా చేయాలి?
— ఒక తండ్రి, ఫ్రిస్కో

చిక్కంతా ఆ నల్ల పెన్సిల్‌తోనే. నలుపు కింది రంగును మింగేస్తుంది, దాని మీద ఎన్ని పొరలేసినా బూడిదరంగే తేలుతుంది. నల్లటి చర్మంలో ఎరుపు ఉంటుంది, నీలం ఉంటుంది, ఊదా ఉంటుంది, బంగారు పసుపు ఉంటుంది. ఆ నల్ల పెన్సిల్‌ను పెట్టెలోంచి తీసి దాచేయమనండి. కనుపాపకు తప్ప అక్కర్లేదు.

కావలసినవి ఆరు రంగులు: ఇండిగో నీలం, డార్క్ అంబర్ (umber, ముదురు గోధుమరంగు), ముదురు టస్కన్ ఎరుపు, బర్న్ట్ ఓకర్, పసుపు ఓకర్, లేత ఆకాశనీలం. కాగితం బాగా నున్నగా ఉండకూడదు. నున్నటి బ్రిస్టల్ (దళసరి డ్రాయింగ్ కాగితం) మూడు నాలుగు పొరలకే నిండిపోయి రంగు జారిపోతుంది. కాస్త గరుకుగా ఉండే వెల్లమ్ రకం బ్రిస్టల్ అయితే ఎనిమిది పొరల దాకా ఓర్చుకుంటుంది.

మొదట ముఖంలో బాగా మెరిసే చోట్లు చూసి చిన్న చుక్కలతో గుర్తు పెట్టుకోవాలి: నుదురు పక్క, చెంప ఎముక, ముక్కు వంతెన, కింది పెదవి మధ్య. ముదురు చర్మం మీద మెరుపు చిన్నగా, అంచు తేలినట్టుగా కనిపిస్తుంది. లేత చర్మంలోలా మెత్తగా పరుచుకోదు. ఈ చోట్లను ఆఖరి దాకా ఖాళీగా ఉంచాలి.

తర్వాత నీడలన్నిటికీ ఇండిగో. పెన్సిల్‌ను వెనక్కి పట్టుకుని, దాని బరువు మాత్రమే కాగితం మీద పడేలా, చిన్న సున్నాలు చుట్టినట్టు వేయాలి. టోపీ అంచు కింద, కంటి గుంట, ముక్కు పక్క, దవడ కింద. ఈ దశలో ముఖం నీలంగా, వింతగా ఉంటుంది. పిల్లలు భయపడి ఆపేసేది ఇక్కడే. ఆపనివ్వకండి. దానిమీద డార్క్ అంబర్ రెండు పొరలు, నీడ దాటి కాస్త బయటికి వచ్చేలా. ఆపైన టస్కన్ ఎరుపు ఒక పొర. బుగ్గ, చెవి, ముక్కు కొన దగ్గర ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే నెత్తురు చర్మానికి దగ్గరగా ఉండేది అక్కడే. ఇక మెరుపు చోట్లు వదిలేసి ముఖమంతా బర్న్ట్ ఓకర్. ముఖం ఒక్కసారిగా వెచ్చబడుతుంది. మళ్ళీ నీడల్లోకి ఇండిగో, అంబర్. ఇలా ఆరేడు పొరలు.

మెరుపు చోట్లకు తెలుపు కాదు, లేత ఆకాశనీలం. బయట ఎండలో ఉన్న మనిషి చెంప మీద మెరిసేది ఆకాశమే కదా. అలాగే గడ్డం కింద, దవడ అడుగున పసుపు ఓకర్ సన్నగా ఒక గీత. ఎర్రమట్టి నేల నుంచి వెలుగు ఎగిరి అక్కడ పడుతుంది. ఆ ఒక్క గీతతో మనిషి నిజంగా బయట నిలబడ్డట్టు కనిపిస్తాడు. నమ్మకం లేకపోతే ఒకసారి వేయించి, మూడడుగుల దూరం నుంచి చూడండి.

సరిగ్గా వస్తోందో లేదో తెలుసుకోవాలంటే బొమ్మను ఫోన్‌తో తీసి నలుపు-తెలుపులోకి మార్చండి. టోపీ నీడ, ముఖం ఒకటే బూడిదరంగులో కలిసిపోతే నీడను ఇంకా ముదురు చేయాలి. ముఖాన్ని లేతగా చేయకూడదు. ముఖం కనిపించడం లేదని చర్మం రంగు పలచన చేసేయడం పిల్లలే కాదు, పెద్దలూ చేసే తప్పు. ముఖం తేలాలంటే దాని వెనకున్న ఆకాశాన్నో దుమ్మునో లేతగా మార్చుకోవాలి.

మైనం పెన్సిళ్ళతో ఇంత మందంగా వేస్తే వారం పది రోజులకు పైన తెల్లటి పొగలాంటి పొర తేలుతుంది. అది రంగు పోవడం కాదు, మైనం పైకి రావడం. మెత్తటి నూలు గుడ్డతో సుతారంగా తుడిచి, ఫిక్సేటివ్ (రంగు చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాలి. అడుగు దూరం నుంచి, పలచగా, రెండు మూడు సార్లు, ఒక్కోదానికి మధ్య పది నిమిషాలు ఆరనిచ్చి. అన్నీ ఒకేసారి కొడితే తడిసి మచ్చలు పడతాయి. ఈ పని వరండాలోనో గరాజ్ తలుపు తీసో చేయాలి, పెద్దవాళ్ళే చేయాలి.

ప్రశ్న: పెన్సిల్ షేడింగ్‌లో 8బి ఎంత నొక్కినా నలుపు రావట్లేదు, మెరుస్తోంది.
— ప్లేనో విద్యార్థి

గ్రాఫైట్ గుణమే అంత. నొక్కేకొద్దీ కాగితం నున్నబడి వెలుగును తిప్పికొడుతుంది. ముదురు నలుపు కావాలంటే ఆ చోట్లలో చార్‌కోల్ వాడు. అయితే వరస ముఖ్యం. గ్రాఫైట్ మీద చార్‌కోల్ పట్టదు, జారిపోతుంది. కాబట్టి ముదురు చోట్లు ముందే నిర్ణయించుకుని అక్కడ మొదటే చార్‌కోల్ వేసేయి, మిగతాది గ్రాఫైట్‌తో నింపు. అరచేతి కింద ఒక కాగితం ముక్క పెట్టుకోవడం మర్చిపోకు.

ప్రశ్న: టోపీ ఎప్పుడూ తల మీద మూత పెట్టినట్టే వస్తోంది. బట్టల విషయంలో కూడా ఏం చూసుకోవాలో చెప్పండి.
— అర్వింగ్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు

ముఖం పూర్తిచేసి ఆ పైన టోపీ అతికిస్తే అలాగే వస్తుంది. ముందు గుండ్రటి తల మొత్తం తేలిగ్గా గీయండి, జుట్టు, పుర్రె పైభాగంతో సహా. కనుబొమకు వేలెడు పైన తల చుట్టూ ఒక పట్టీ గీయండి. అది వంపు తిరిగి చెవుల పైనుంచి వెనక్కి వెళ్ళాలి. టోపీ ఆ పట్టీ దగ్గర తలను పట్టుకుంటుంది. పైభాగం పుర్రెకు కాస్త ఎడంగా లేస్తుంది. అంచు ఒక కోడిగుడ్డు ఆకారం. ఎదుటివైపు అంచు, అవతలివైపు అంచు రెండూ గీసి, తర్వాత కనిపించనిది చెరిపేయండి. అంచు నీడ ముఖం మీద సూటి గీతలా పడదు. నుదుటి మీద ఒకలా, ముక్కు మీదకు వచ్చేసరికి ముందుకు పొడుచుకొచ్చినట్టు పడుతుంది. ఆ ఒక్క వంపు సరిగా పడితే టోపీ తల మీద కూర్చుంటుంది.

ఇక బట్టలు. ఇది కాలాన్ని బట్టి ఉంటుంది. ఇప్పుడు రోడియోలో కనిపించే టోపీకి పైన నొక్కులు, పక్కల పైకి మడిచిన అంచులు ఉంటాయి. 1865లో స్టెట్సన్ తెచ్చిన తొలి టోపీ అలా ఉండదు. పైభాగం గుండ్రంగా, నొక్కు లేకుండా, అంచు చదునుగా ఉంటుంది. 1870ల మనిషికి పళ్ళెమంత బెల్టు బకిల్ పెట్టకండి, చొక్కాకు స్నాప్ బటన్లు పెట్టకండి. రెండూ 20వ శతాబ్దపువి. మెడ రుమాలు మాత్రం తప్పకుండా ఉండాలి. మంద వెనక నడిచేవాడు రోజంతా దుమ్ము తినాలి కాబట్టి ముక్కు మీదకు లాక్కోవడానికి అది కావాలి. రుమాలు ముడి వెనక, వెడల్పు భాగం ముందు.

ప్రశ్న: నేను అద్దంకి నుంచి మనవడి దగ్గరికి పియర్‌ల్యాండ్ వచ్చాను. వాడు వేస్తున్న కౌబాయ్ బొమ్మలో ఎద్దుకు మోపురం లేదు. మోపురం లేని ఎద్దేమిటిరా అని దిద్దబోతే, ఇక్కడి ఎద్దులకు ఉండదు తాతయ్యా అంటున్నాడు. ఎవరిది ఒప్పు?
— ఒక తాతగారు

తాతగారూ, బొమ్మ ఏ కాలానిదన్నదాన్ని బట్టి ఇద్దరిదీ ఒప్పే. 1860-80ల్లో కాన్సస్‌కి తోలిన మందలు లాంగ్‌హార్న్ పశువులవి. వాటికి మోపురం ఉండదు. వీపు తిన్నగా, ఒళ్ళు సన్నగా, ఎముకలు తేలి ఉంటాయి. ఎరుపు, తెలుపు, మచ్చలు, రకరకాల రంగులు. కొమ్ములు తల పక్కలకు చాచి చివర్లో పైకి మెలి తిరుగుతాయి. చివర నుంచి చివరకు నాలుగడుగులు దాటడం మామూలే. మీ వాడు గీస్తున్నది మంద తోలే బొమ్మ అయితే వాడిదే ఒప్పు.

అదే ఎద్దు స్వారీ బొమ్మ అయితే మీరు పెన్సిల్ పట్టుకోవచ్చు. అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతిని మన దేశం నుంచి వెళ్ళిన పశువులతోనే తయారుచేశారు. గిర్, గుజరాత్, కృష్ణా వ్యాలీ జాతులతో పాటు అక్కడ నెల్లూరు అని పిలిచే మన ఒంగోలు జాతీ అందులో ఉంది. ఎండనీ పురుగునీ తట్టుకుంటాయని టెక్సస్ సముద్రతీరంలో వీటిని పెంచారు. ఆ పెంపకందారుల సంఘం 1924లో ఏర్పడింది. రోడియోలో ఎగిరి దూకే ఎద్దులు చాలావాటిలో ఈ బ్రాహ్మన్ రక్తం ఉంటుంది. మిర్టిస్ డైట్‌మన్ 1964లో నేషనల్ ఫైనల్స్‌కి చేరిన తొలి నల్లజాతి కౌబాయ్. చార్లీ శాంప్సన్ 1982లో ఎద్దు స్వారీలో ప్రపంచ ఛాంపియన్ అయిన తొలి నల్లజాతి రైడర్. వీళ్ళను గీస్తే కింద ఎద్దుకు మోపురం, వేలాడే గంగడోలు, కిందికి వాలిన చెవులు పెట్టండి.

మోపురం ఎక్కడ వస్తుందో మీకు చెప్పనక్కర్లేదు, మీ మనవడికి మాత్రం చూపించండి. పిల్లలు దాన్ని ఒంటె మోపురంలా వీపు మధ్యకు తోసేస్తారు. అది ముందుకాళ్ళకు సరిగ్గా పైన, మెడ ముగిసేచోట ఉంటుంది. ఎద్దు దూకినప్పుడు నిలువుగా ఉండదు, ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగుడు గీస్తే బొమ్మలో కదలిక వస్తుంది. రౌతు మోపురానికి వెనక, తాడు పట్టిన చేతికి దగ్గరగా కూర్చుంటాడు. ఒక చేత్తో మాత్రమే పట్టుకోవాలి, రెండో చేయి గాలిలో. ఎనిమిది సెకన్లు నిలవాలి. డైట్‌మన్ కాలపు బొమ్మలో రౌతుకు రక్షణ కోటు, హెల్మెట్ ఉండవు. ఆ కోట్లు 1990ల నుంచి వచ్చినవి.

ప్రశ్న: గుర్రం కాళ్ళు కుదరడం లేదు. మనిషి గుర్రం మీద బొమ్మలా అతికించినట్టు ఉన్నాడు.
— రౌండ్ రాక్ విద్యార్థి

గుర్రం తల పొడవును కొలతగా పెట్టుకో. పక్క నుంచి చూస్తే భుజం ముందు నుంచి పిరుదు చివర దాకా రెండున్నర తలలు. నేల నుంచి మెడ మొదలు దాకా ఎత్తూ అంతే. అంటే కాళ్ళతో కలిపి దాదాపు చతురస్రం. పిల్లల బొమ్మల్లో ఇది ఎప్పుడూ పొడవుగా సాగిపోతుంది, అందుకే కుక్కలా కనిపిస్తుంది.

ముందుకాలి మధ్యలో ఉన్న కీలు మడిచినప్పుడు ముందుకు పొడుచుకొస్తుంది, దాని కింది కాలు వెనక్కి మడుస్తుంది. వెనకకాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చిన ఎముక మోకాలు కాదు, మన మడమ లాంటిది. అసలు మోకాలు పైన పొట్ట దగ్గర దాగి ఉంటుంది. ఇది అర్థమైతే వెనకకాలు ఎటు వంగాలో తికమక ఉండదు.

మనిషి అతికించినట్టు ఉండటానికి సాధారణంగా రెండు కారణాలు. ఒకటి, జీనుకు పొట్ట కింది పట్టీ గీయకపోవడం. ఆ పట్టీ లేకపోతే జీను జారిపోతుంది, చూసేవాళ్ళ కంటికి కారణం తెలియకపోయినా ఏదో వెలితి తెలుస్తుంది. రెండు, రౌతు కాలు. తొడ గుర్రం డొక్కను చుట్టుకుని ఉండాలి, గాలిలో తేలకూడదు. రికాబులో పాదం ముందుభాగం, మడమ కాస్త కిందికి. పశువును పట్టేటప్పుడు ఎడమచేతిలో కళ్ళెం, కుడిచేతిలో తాడు. తాడు బిగిశాక జీను ముందున్న కొమ్ముకు చుట్టేస్తారు. తాడు పేట గీయడానికి ప్రతి మెలికా గీయకు. వంపు తిరిగే చోట నాలుగైదు వాలు గీతలు చాలు, మిగతాది ఖాళీగా వదిలేయి.

బిల్ పికెట్ బొమ్మకు ఇదంతా అక్కర్లేదు. ఆయన పరుగెత్తే గుర్రం మీద నుంచి ఎద్దు మీదకు దూకి, కొమ్ములు పట్టి మెడ తిప్పి, పై పెదవిని పళ్ళతో కరిచి పడగొట్టేవాడు. ఫోర్ట్ వర్త్ స్టాక్‌యార్డ్స్‌లో ఆయన కంచు విగ్రహం ఉంది. దాని చుట్టూ తిరిగి చూడు, బరువంతా మడమల మీద ఎలా పడిందో తెలుస్తుంది. విగ్రహాన్నే దించేయకు. అదీ ఒక శిల్పి సొత్తే.

ప్రశ్న: మట్టితో గుర్రం, రౌతు చేశాను. ఆరేలోపు కాళ్ళు కుంగిపోయాయి, మెడ దగ్గర పగిలింది.
— కాపెల్ విద్యార్థిని

నాలుగు సన్నటి కాళ్ళ మీద అంత తడిమట్టి నిలవదు. గాలికి ఆరే మట్టి అయితే లోపల తీగ చట్రం కావాలి. 14 గేజ్ అల్యూమినియం తీగను రెండు పేటలు మెలేసి, కాళ్ళ చివరలను చెక్కపీటకు బిగించు. పొట్ట, మెడ భాగాలను నలిపిన అల్యూమినియం ఫాయిల్‌తో గట్టిగా నింపు. మట్టి పావు అంగుళం మందం మించకూడదు. మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, లోపలి చట్రం కుంచించుకోదు. మందం ఎక్కువైతే పగులు ఖాయం. పలుచటి గుడ్డ కప్పి మూడు నాలుగు రోజులు నెమ్మదిగా ఆరనివ్వు. పగిలినచోట అదే మట్టిని నీళ్ళలో, కొంచెం తెల్ల జిగురులో కలిపి నింపు.

బడిలో కొలిమిలో కాల్చే మట్టి అయితే తీగ పెట్టనే కూడదు, కాలేటప్పుడు పగిలిపోతుంది. లోపల డొల్లగా చేసి, పొట్ట కింద గడ్డి దుబ్బో బండరాయో మలిచి బరువును దానిమీద పెట్టు. మెక్‌జంకిన్ గట్టు దగ్గర వంగి చూస్తున్నట్టు చేస్తే ఆ గట్టే ఆసరా అవుతుంది.

ప్రశ్న: బొమ్మ కింద ఏం రాయాలి? తెలుగులో కూడా రాస్తానంటోంది మా పాప. ‘నీగ్రో కౌబాయ్’ అంటే సరిపోతుందా?
— ఒక తల్లి, పియోరియా

వద్దమ్మా. మన పాత పుస్తకాల్లో ఆ మాట ఉంది కానీ ఇప్పుడది అవమానకరం. ‘నల్లజాతి’ అనండి, ‘ఆఫ్రికన్ అమెరికన్’ అనండి. వీటన్నిటికంటే మంచిది మనిషి పేరు రాయడం. పెదవులు, కళ్ళు పెద్దవి చేసి నవ్వు పుట్టించేలా గీయడం వందేళ్ళ కిందటి అమెరికా పత్రికల దుర్మార్గపు అలవాటు. అలాంటి పాత కార్టూన్లు పాపకు నమూనాగా చేతికి రానివ్వకండి.

కింద మూడు విషయాలు చాలు: పేరు, ఎక్కడ-ఎప్పుడు, ఏం చేస్తున్నారు. ఉదాహరణకు ఇలా: “జొహానా జూలై, రియో గ్రాండె నది, టెక్సస్. గుర్రాన్ని నీళ్ళలో లొంగదీస్తూ.” తెలుగు అక్షరాలు పెన్సిల్‌తో ముందే గీసుకుని, వత్తులకు కింద చోటు వదిలి, ఆ తర్వాతే ఇంకు పెట్టమనండి. చాలామంది పిల్లలు గీత కింద ఖాళీ లేకుండా మొదలుపెట్టి వత్తు దగ్గర ఇరుక్కుపోతారు.